నాలుగు కాజాల కోటు

1897 నవంబరు 4

ఒరేయ్ చిన్నోడా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఇవాళ ఆ మాట రాయబోయి కలం ఆపేశాను. నేను బాగానే ఉన్నాను. అత్తయ్య కూడా ఆరోగ్యంగానే ఉంది, కాకపోతే పోలీసు స్టేషన్లో ఉంది. మేడ దుకాణం యజమాని మాత్రం లేడు. ఎవరో చంపేశారు.

కంగారుపడకుండా చదువు. నేను కంగారుపడుతూనే రాస్తున్నాను కాబట్టి ఇద్దరం పడక్కర్లేదు.

పదేళ్ళుగా అత్తయ్య చేతి కాజా లేకుండా ఒక్క కోటు కూడా ఆ దుకాణం గుమ్మం దాటలేదు కదా. అలాంటిది మొన్న సాయంత్రం ఆ యజమాని పనివాళ్ళందరినీ పిలిచి, కాజాలు కుట్టే మిషను వస్తోందనీ, వచ్చే వారం నుంచి అత్తయ్య రానక్కర్లేదనీ చెప్పాడట. మన అత్తయ్య నోరు ఊరుకుంటుందా? "ముందు ఆ మిషనుతో మీ పెదాలకి ఒక కాజా వేయించండి, గుండీ నేను పెడతాను" అందట. ఎనిమిది మంది విన్నారు. ఎనిమిది మందీ ఇనస్పెక్టరుకి అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఈ ఊళ్ళో ఎనిమిది మంది ఒక్క మాట మీద నిలబడటం నేను పుట్టాక ఇదే మొదలు.

మర్నాడు, అంటే నిన్న మూడో తేదీన, ఉదయం ఆరున్నరకి అత్తయ్య తన సూదుల డబ్బా తెచ్చుకుందామని వెళ్ళింది. కత్తిరింపు గదిలో ఆయన తల పగిలి పడి ఉన్నాడు. పక్కనే బొగ్గుల ఇస్త్రీ పెట్టె, మంచి ఉన్నిగుడ్డ మీద బోర్లా. అత్తయ్య ఏం చేసిందంటావు? కేక వెయ్యలేదు, బయటికి పరిగెత్తలేదు. ముందు ఇస్త్రీ పెట్టె తీసి నిలబెట్టింది. సరిగ్గా అప్పుడే మిగతావాళ్ళు లోపలికి వచ్చారు. "ఎందుకు ముట్టుకున్నావమ్మా" అని ఇనస్పెక్టరు అడిగితే, "మనిషి ఎలాగూ పోయాడు, గుడ్డ అయినా దక్కుతుందని" అని చెప్పిందట. ఈ జవాబు మనకి అర్థమవుతుంది. దర్జీ ఇంట్లో పుట్టని ఇనస్పెక్టరుకి అర్థం కాలేదు.

ఇరవై నాలుగో తేదీన జడ్జి వస్తాడు. ఆలోపు అసలు మనిషి దొరక్కపోతే అత్తయ్యని పెద్ద జైలుకి పంపిస్తారు. హత్య కేసులో అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం మనం చూడలేదు.

కాబట్టి మన పరిశోధన సంఘం మళ్ళీ తెరవాలి. పాలాయన దూడ కేసులో పదహారు మందిని అనుమానించి, చివరికి దూడ మన పెరట్లోనే దొరికిందని నిరుత్సాహపడకు. అప్పుడు మనం చిన్నవాళ్ళం.

ఒక్క ఆధారం ఉంది. కత్తిరింపు గది తలుపు వెనక మేకుకి ఒక నల్లకోటు వేలాడుతోంది. దుకాణంలో ఎవరూ తమది కాదంటున్నారు. హంతకుడు ఆ గది వేడికి కోటు విప్పి, కంగారులో మర్చిపోయి ఉంటాడు. ఇనస్పెక్టరు కూడా అంతవరకు ఒప్పుకున్నాడు, కానీ "ఆ మనిషిని పురమాయించింది మీ అత్తే అయ్యుండొచ్చు" అంటాడు. దర్జీవి కదా చూసి చెప్పమని కోటు నాకే ఇచ్చాడు. కొలతలు రాస్తున్నాను: ఛాతీ ముప్పై ఆరు. ఎడమ భుజం కుడిదాని కంటే అరంగుళం కిందికి. కుడి చెయ్యి పావంగుళం ఎక్కువ. వీపు పైభాగం కొంచెం వంపు. ముందు నాలుగు గుండీలు. కుడి చేతి లోపల అస్తరు గుడ్డ చిరిగి ఉంది. ఇనస్పెక్టరు తొడిగి చూడబోతే వేళ్ళు ఆ చిరుగులో ఇరుక్కున్నాయి, ఇద్దరు కానిస్టేబుళ్ళు లాగితే గాని చెయ్యి ఊడి రాలేదు.

ఈ కొలతలు నేనెప్పుడో రాసినట్టే ఉంది. ఎవరివో గుర్తు రావడం లేదు. కొలతల పుస్తకం తిరగేస్తాను.

వెంటనే జవాబు రాసే తమ్ముడి కోసం ఎదురుచూసే
అన్న


1897 నవంబరు 7

అన్నయ్యా,

నీ ఉత్తరం వసతిగృహం మెట్ల మీదే విప్పాను. మా గది వరకు రావడానికి గంట పట్టింది, ఎందుకంటే ప్రతి మెట్టు మీదా కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

అత్తయ్యకి నా మాటగా చెప్పు, ఇనస్పెక్టరుతో ఎక్కువ మాట్లాడొద్దని. వినదని తెలుసు. అయినా చెప్పు.

మా కళాశాల గ్రంథాలయంలో నేర పరిశోధన మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది. దాన్నిండా ఎంత అందమైన మాటలున్నాయో. వాంగ్మూలం, ప్రేరణ, ప్రత్యక్షసాక్షి. పైకి చదువుకుంటుంటే నోరంతా నిండుగా ఉంటుంది. మా గదిలో ఉండే అతను, నేను నిద్రలో 'ప్రత్యక్షసాక్షి' అన్నానని ఫిర్యాదు చేశాడు. ఆ పుస్తకం ప్రకారం మనం మూడు చూడాలి: ఎవరికి కోపం, ఎవరికి వీలు, ఎవరికి లాభం. కోపం సంగతి వదిలెయ్, ఆ యజమాని మీద కోపం లేనివాళ్ళని లెక్కపెట్టడమే తేలిక. నీకూ ఉంది కదా. కిందటేడు నువ్వు కుట్టిన చొక్కాల్ని ఆయన నలుగురిలో పెట్టి గోనెసంచులన్నాడు. నువ్వు మర్చిపోయానన్నావు గాని, నాకు మూడు ఉత్తరాల్లో రాశావు.

కోటు విషయం. నేనైతే దాన్ని అంతగా పట్టించుకోను. కోట్లు లోకంలో బోలెడు.

నిజం చెప్పమంటావా? ఆ కొలతలున్న మనిషిని నేను ఎరుగుదును. పేరు రాయను, ఉత్తరాలు ఎవరైనా విప్పొచ్చు. ఆ మనిషి చాలా మంచివాడు. ఆయన చెయ్యి ఎత్తాడంటే, ఎత్తక తప్పని కారణం ఏదో ఉండే ఉంటుంది. నువ్వు కొలతల పుస్తకం తిరగేయకపోతేనే మంచిది.

మూడో తేదీ ఉదయం ఆరింటికి నువ్వు ఎక్కడున్నావు? ఊరికే అడుగుతున్నాను. ఇంటివాళ్ళతో మొదలుపెట్టమని ఆ పుస్తకంలో ఉంది.

నీ మీద ఎప్పటికీ నమ్మకం పోని
తమ్ముడు


1897 నవంబరు 10

చిన్నోడా,

నువ్వు తిరగేయొద్దని రాసిన ఉత్తరం చేరే ముందే పుస్తకం తిరగేశాను. ముప్పై ఏడో పేజీలో దొరికింది, నా దస్తూరీలోనే. తర్వాత తలుపు గడియ పెట్టి, కోటు నేనే తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. కుట్టించుకున్నట్టు సరిపోయింది. చిరిగిన అస్తరులో నా వేళ్ళు కూడా ఇరుక్కున్నాయి గాని, అది వేరే సంగతి. నాకు ఇంత బాగా నప్పే కోటు ఈ భూమ్మీద ఇంకెవరికి నప్పుతుందో నాకు తెలుసు, నీకూ తెలుసు.

ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాను. ఇక ఆ మనిషి గురించి మన మధ్య మాట వద్దు.

నేను ఆరింటికి ఇంట్లోనే ఉన్నాను. సాక్షులెవరూ లేరు, మామూలు ఉదయమే. నువ్వు అడిగావు కాబట్టి నేనూ అడుగుతాను, ఊరికే. మూడో తేదీన నువ్వు ఎక్కడున్నావు? మీ వసతిగృహం పెద్దాయనకి కార్డు రాస్తే, రెండో తేదీ మధ్యాహ్నం నుంచి నాలుగో తేదీ వరకు నువ్వు గదిలో లేవని జవాబిచ్చాడు. రెండు రోజులంటే రైల్లో ఇక్కడికి వచ్చి వెళ్ళడానికి సరిపోయేంత సమయం. నేను ఊరికే లెక్కేశానంతే.

మిగతా సంగతులు. అత్తయ్యకి స్టేషన్లో ఏ లోటూ లేదు. మొదటిరోజే ఒక కానిస్టేబులు చొక్కా గుండీ వేలాడటం చూసి ఆగలేక కుట్టేసింది. ఇప్పుడు కానిస్టేబుళ్ళందరూ ఊచల ముందు వరసలో నిలబడుతున్నారు. నేను క్యారియరు తీసుకెళ్తే, నా ముందు నలుగురున్నారని ఆగమన్నారు. ఇనస్పెక్టరు కోటు కాజాలు చూసి మాత్రం, "ఇవి కుట్టినవాణ్ణి ముందు లోపలెయ్యండి" అందట.

నాకూ పని బాగానే ఉంది. అదేమిటో, మనసు బాగా లేనప్పుడే పని ఎక్కువొస్తుంది. ఆ కాజాల మిషను అమ్మడానికి వచ్చిన ఏజెంటు ఉన్నాడే, పాపం చాలా మెత్తటి మనిషి. యజమాని పోయాడని మన దుకాణంలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. తన కోటు చిమ్మెటలు కొట్టేశాయట, తొందరగా ఒకటి కుట్టిమ్మన్నాడు. సన్నటి మనిషి పుచ్చకాయ మింగినట్టుంటాడు. ఛాతీ ముప్పై ఏడు, నడుము నలభై నాలుగు. ఇలాంటి ఒంటికి కోటు కత్తిరించడం ఎంత కష్టమో నీకు తెలియదు. రెండు రోజులుగా అదే ఆలోచన. ఆ ఆలోచన ఉండబట్టి బతికాను.

అక్కడ చలి ఎక్కువని విన్నాను. ఉన్ని కండువా పంపిస్తున్నాను. చెవులు కప్పుకుని తిరుగు. ఎక్కడికి వెళ్ళాల్సి వచ్చినా కప్పుకునే వెళ్ళు.

నువ్వు ఏం చేసినా
నీ అన్న


1897 నవంబరు 13

అన్నయ్యా,

కండువా అందింది. మెడకి చుట్టుకునే రాస్తున్నాను.

ఆ రెండు రోజులు నేనెక్కడున్నానో ఇప్పుడు చెప్పలేను. చెప్పుకునేంత గొప్ప సంగతి కాదు. నువ్వది వదిలెయ్, నేను నువ్వు అడగొద్దన్నది వదిలేస్తాను.

పేజీ కాల్చావని చదివాను. కాల్చి మంచి పని చేశావు. ఆ కోటు ఎవరిదో తెలియదని చెప్పి ఇనస్పెక్టరుకి తిరిగి ఇచ్చెయ్. అద్దం ముందు మళ్ళీ తొడగకు, ఎవరైనా చూస్తే? పాపం ఆ ఏజెంటుకి కోటు కుట్టు, మామూలుగా ఉండు, రోజూ దుకాణం తెరువు. మామూలుగా ఉండటమే అన్నిటికంటే ముఖ్యమని పుస్తకంలో ఉంది.

కానీ అత్తయ్య? చెయ్యని తప్పుకి అత్తయ్య లోపలుంటే, చేసిన మనిషి బయట తిరగ్గలడా? ఆ మనిషి మనసు నాకు తెలుసు. తిరగలేడు. పిచ్చి పని ఏదైనా చేస్తాడేమోనని నాకు భయంగా ఉంది. ఏం చేయాలో నేను ఆలోచిస్తున్నాను. నువ్వు మాత్రం తొందరపడకు.

నీ
తమ్ముడు


1897 నవంబరు 16

చిన్నోడా,

నీ ఉత్తరం చదివాను. అర్థమైంది. చేసిన మనిషి బయట తిరగలేడని రాశావు చూడు, ఆ వాక్యం రాయడానికి నీకెంత కష్టమైందో నాకు తెలుసు.

నువ్వు ఏ పిచ్చి పనీ చెయ్యక్కర్లేదు. నీకు చదువుంది. నాకు ఉన్నది కత్తెర ఒక్కటే, దాన్ని ఎవరైనా పట్టుకోగలరు. రేపు ఉదయం ఇనస్పెక్టరుని కలుస్తాను. ఆ తర్వాత అత్తయ్య ఇంటికొస్తుంది. మోకాళ్ళు నొప్పులంటుంది గాని మందు రాసుకోదు, నువ్వే దగ్గరుండి రాయించు. తను అరిస్తే భయపడకు, అరవకపోతే భయపడు. దుకాణంలో పెద్ద కత్తెర ఎవరికీ ఇవ్వకు, కాగితం అసలే కత్తిరించనివ్వకు. ఏజెంటు కోటు సగంలో ఉంది, క్షమించమని చెప్పు.

పరీక్ష రాయి. మంచి డాక్టరువి అవ్వు. ఎవరి ప్రాణం పోయినా, నువ్వు పదిమంది ప్రాణాలు నిలబెడితే ఆ బాకీ తీరుతుంది.

అన్న


1897 నవంబరు 16

అన్నయ్యా,

ఇది నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. మూడో తేదీ ఉదయం ఆ యజమానిని చంపింది నేనేనని ఇనస్పెక్టరుకి నాలుగు పేజీల వాంగ్మూలం ఇవాళే టపాలో వేశాను. ఎంత వివరంగా రాశానంటే, చదివాక నాకే అనుమానం వచ్చింది, నిజంగా నేనే చేశానేమోనని.

నువ్వు నోరు విప్పకు. నన్ను అయిదేళ్ళప్పటి నుంచి వీపు మీద మోశావు. ఒక్కసారి నన్ను మొయ్యనీ.

నా పుస్తకాలు నువ్వే ఉంచుకో. నిఘంటువు మాత్రం గ్రంథాలయానిది, తిరిగి ఇచ్చెయ్యాలి.

నీ
చిన్నోడు


1897 నవంబరు 20

ఒరేయ్ వెధవా,

ముందు ఈ ఒక్క మాట చదివి ఊపిరి పీల్చుకో. అత్తయ్య ఇంట్లో ఉంది. నువ్వు హంతకుడివి కాదు. నేనూ కాదు. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

పదిహేడున నేను స్టేషనుకి వెళ్ళి, హత్య నేనే చేశానని చెప్పాను. ఇనస్పెక్టరు తలెత్తకుండా, ఎన్నింటికి అన్నాడు. ఆరింటికి అన్నాను. ఆరింటికి నువ్వు పాలల్లో నీళ్ళని పాలాయనతో మా కిటికీ కింద గొడవపడుతున్నావు, నా నిద్ర పాడుచేసింది నువ్వే, వెళ్ళి పని చూసుకో అన్నాడు. మన గుమ్మం ముందు ఆ గొడవ రోజూ ఉండేదే, అందుకే నాకు గుర్తులేదు.

పద్ధెనిమిదిన నీ వాంగ్మూలం వచ్చింది. నన్ను పిలిపించి, ఊచల అవతల అత్తయ్య వింటుండగా పైకి చదివాడు. నీ భాష బాగుందని ఒప్పుకున్నాడు. కాకపోతే నువ్వు పగలగొట్టానని రాసిన ఎముక తలలో ఉండదటరా. డాక్టరుగారిని అడిగితే, అది పాదంలో ఉంటుందన్నాడట. "ఒక శవానికి ముగ్గురు హంతకులు, అందరూ ఒకే ఇంటి నుంచి. మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?" అని ఇనస్పెక్టరు తల పట్టుకున్నాడు.

అత్తయ్య అరవలేదు. ఊచల దగ్గరికి వచ్చి, "మీ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఈ అనుమానం ఎలా వచ్చిందిరా?" అంది. కోటు సంగతి చెప్పాను. ఆ రోజు అది తలుపు వెనకుంది కాబట్టి తను చూడనే లేదు. తెమ్మంది. ఊచల్లోంచి తీసుకుని, మెడ దగ్గర ఒకసారి తడిమి, ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది మీ నాన్న కోటురా."

నేను నోరు తెరిచాను. నాన్న చేతి కుట్టు నాకు తెలియదా అన్నాను.

"మీ నాన్న కుట్టలేదు. వాడికి పని నేర్పిన ఆయన కుట్టిచ్చాడు, మీరు పుట్టకముందు. అప్పుడు బూడిదరంగు. వాడు పోయాక పాత బట్టల బండాయనకి నేనే ఇచ్చేశాను, ఇంట్లో చూడలేక. రెండేళ్ళ కిందట అతనే నల్లరంగు అద్ది, ఎవరో కొన్నారంటూ కాజాలు తిరగ్గుట్టమని మళ్ళీ నా దగ్గరికే తెచ్చాడు. నాలుగూ కొత్తగా కుట్టాను. ఎవరికోసమని అడగలేదు. అడిగితే వెనక్కి లాక్కోవాలనిపిస్తుందని."

తర్వాత నన్ను చూసి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీరిద్దరూ వాడి అచ్చులు. వాడి కోటు మీకు సరిపోక ఎవరికి సరిపోతుంది? ఎవరి కొలతకి కుట్టారో చూశావు గాని, ఇప్పుడెవడు తొడుగుతున్నాడో చూశావా? దర్జీ బుద్ధి."

కాజాలు నా ముఖం ముందు పెట్టింది. పై రెండూ నలిగి, పోగులు లేచి ఉన్నాయి. కింది రెండూ ఆమె సూది తీసిన నాటి లాగే ఉన్నాయి. రెండేళ్ళలో వాటిలోకి ఒక్కసారి కూడా గుండీ వెళ్ళలేదు. అంటే తొడిగేవాడికి కింది గుండీలు అందవు. పొట్ట ఉన్నవాడు. ఇనస్పెక్టరు ఎందుకో తన బెల్టు సర్దుకున్నాడు.

నాకు అప్పుడు తట్టింది. సన్నటి భుజాలు, నలభై నాలుగు నడుము, ఉన్నట్టుండి కోటు లేకుండా పోయిన మనిషి. నా ఎదురుగా చేతులు చాపి నిలబడితే, నేను టేపు చుట్టి, గుడ్డ ఎలా కత్తిరించాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

నిన్న ఉదయం ఏజెంటుని కోటు సరిచూసుకోవడానికి రమ్మన్నాను. ఇనస్పెక్టరు తెర వెనక చొక్కాతో నిలబడ్డాడు, ఆయన కోటు అప్పటికి అత్తయ్య చేతిలో ఉంది. దర్జీ కోటు పట్టుకుంటే ఎవరూ వెనక్కి చూడరు కదా, అద్దంలో చూసుకుంటూ చేతులు వెనక్కి ఇస్తారు. నేను కొత్తది చూపించి, వెనక నాన్న కోటు పట్టుకున్నాను. ఆయన వాతావరణం గురించి మాట్లాడుతూనే ఎడమ చెయ్యి మామూలుగా దూర్చాడు. కుడి చేతికి వచ్చేసరికి వేళ్ళు ముడిచి పిడికిలి చేసి తోశాడు. చిరిగిన అస్తరు దాటి చెయ్యి సాఫీగా బయటికి వచ్చింది. ఇనస్పెక్టరు వేళ్ళు ఇరుక్కున్నాయి, నా వేళ్ళు ఇరుక్కున్నాయి. ఆ కోటు రోజూ తొడిగేవాడికే ఆ పిడికిలి తెలుసు.

తర్వాత అద్దంలో చూసుకున్నాడు. మాట ఆగిపోయింది. మన కుర్చీలో కూలబడి అంతా చెప్పేశాడు. అతను తెచ్చింది కొత్త మిషను కాదు, ఎక్కడిదో పాతదానికి రంగు వేసింది. రాత్రి మిషను దించాక యజమాని రంగు గీకి చూసి, ఆ ఉదయం పిలిచి, ఇక ఏ ఊళ్ళోనూ నీకు పని లేకుండా చేస్తానన్నాడట. పక్కన ఇస్త్రీ పెట్టె ఉంది. చంపాలని రాలేదని మళ్ళీ మళ్ళీ అన్నాడు. నాకు జాలేసింది, ఏం చెయ్యను.

అత్తయ్య బయటికి వచ్చి ముందెక్కడికి వెళ్ళిందో చెప్పు? మేడ దుకాణానికి. ఆ మిషను కుట్టిన నమూనా కాజా ఒకటి అక్కడుంటే, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెనకా ముందూ తిప్పి చూసింది. "మూలలు బాగానే వేస్తోంది" అంది.

నాతో మాత్రం పద్ధెనిమిది నుంచి మాట్లాడటం లేదు. నువ్వు ఆ రెండు రోజులూ ఎక్కడ చచ్చావో ఇప్పుడైనా రాయి.

అన్న


1897 నవంబరు 22

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఎదురు గదిలో అతను వచ్చి ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు.

ఆ రెండు రోజుల సంగతి చెబుతాను, నవ్వితే మాత్రం ఊరుకోను. రెండో తేదీ మధ్యాహ్నం మాకు మొదటిసారి శవాన్ని చూపించారు. గుడ్డ తీసీ తియ్యకముందే నేను కళ్ళు తిరిగి పడ్డాను. తల బల్లకి తగిలింది. రెండు రోజులు ఆసుపత్రి వార్డులో, నేను వైద్యం చెయ్యాల్సిన చోట, నేనే మంచం మీద ఉన్నాను. నాలుగు కుట్లు పడ్డాయి. నిన్నగాక మొన్న హత్య కేసు విప్పుతానని గొప్పలు పోయినవాణ్ణి, ఈ మాట నీకెలా రాయను?

నువ్వు నన్ను హంతకుడనుకున్నందుకు కోపం లేదు, నేనూ అనుకున్నాను కాబట్టి చెల్లుకి చెల్లు. కానీ అలా అనుకున్న రోజునే కదా నువ్వు కండువా పార్సెలు కట్టింది. నేనది మెడకి చుట్టుకుని, నువ్వు చేశావనుకుంటూ తిరిగాను. ఇద్దరిలో ఎవరు పెద్ద వెధవో నిఘంటువులో దొరకలేదు.

అత్తయ్య నాకు ఒక్క ముక్క రాయలేదు. నీతో మాట్లాడకపోతే కనీసం నీ ఎదురుగా మాట్లాడకుండా ఉంటుంది. నాకు ఆ మాట్లాడకపోవడం కూడా కనబడటం లేదు. ప్రాణాలు ఇవ్వబోయాం కదా, కోపమెందుకు? ఇనస్పెక్టరు కంటే ఆమెకే ఎక్కువ భయపడుతున్నాను. ఆమె మనసులో ఏముందో కనుక్కుని రాయి.

నీ
తమ్ముడు


1897 నవంబరు 24

చిన్నోడా,

జడ్జి ఇవాళ వచ్చాడు. పావుగంటలో కాగితాలు చూసి, ఆ ముగ్గురు హంతకుల కుటుంబం ఎక్కడా అని అడిగాడట. ఇనస్పెక్టరు కొత్త కాజాల కోటుతో నిలబడి, అందరూ ఇంటికెళ్ళారండీ అన్నాడట.

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. నీ తలకి నాలుగు కుట్లు పడ్డాయన్న చోట ఆపమంది. మళ్ళీ చదవమంది. అప్పుడు మాట్లాడింది, ఆరు రోజుల తర్వాత.

"నాకోసం మెడ ఇచ్చారనుకున్నాను. కాదు. వాడికోసం నువ్వు, నీకోసం వాడు. బాగుంది. ఇద్దరూ వెళ్ళిపోయుంటే, నేను బయటికొచ్చి ఎవరికి అన్నం పెట్టుకోనురా?"

నీ దగ్గర జవాబుంటే దాచిపెట్టుకో, త్వరలోనే అవసరమవుతుంది. ఎందుకంటే ఆమె ఆ మాట అనేసి, లేచి పెట్టె సర్దింది. ఆ నాలుగు కుట్లు తను చూడాలట. డాక్టర్ల కుట్టు మీద ఆమెకి నమ్మకం లేదు. రేపు పొద్దున రైలుకి బయలుదేరుతున్నాం. నీకు తంతి ఇచ్చాను.

కాబట్టి ఈ ఉత్తరం కంటే మేమే ముందు వస్తాం. అది తెలిసే రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నేను నీ జుట్టు గురించీ, నీ గది కంపు గురించీ తప్ప ఇంకేం మాట్లాడలేను. నువ్వు చంపావని నమ్మిన రోజుల్లో నీ మీద కోపం తెచ్చుకుందామని కూర్చునేవాణ్ణి. కాసేపటికి, ఆ పని చేసేటప్పుడు నీ చేతికి దెబ్బ తగిలిందేమోనని ఆలోచిస్తూ ఉండేవాణ్ణి. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అక్కడికే చేరేది. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా నోటితో చెప్పను.

టపా వచ్చేసరికి మేం నీ గదిలోనే ఉంటాం. నువ్వు మా ముందే విప్పుతావు. ఏమిటది అని అత్తయ్య అడుగుతుంది, కళాశాల కాగితమని చెప్పు. నీకు అబద్ధం చెప్పడం రాదు. అయినా చెప్పు, నేను నమ్మినట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాను.

అన్న